పటాల ప్రొజెక్షన్ లైబ్రరీలో కోడ్ కామెంట్లు సరిచేయడం ఎలా?

అక్షాంశ రేఖాంశాలను చదునైన పటం మీది ఎక్స్, వైలుగా మార్చేదే ప్రొజెక్షన్ కోడ్. అందులో కనిపించే ప్రతి విలువా దాదాపు ఒక డబుల్, అంటే ప్రమాణం రాయని దశాంశ సంఖ్య. అది రేడియన్లలో ఉందా, డిగ్రీలలో ఉందా, మీటర్లా, భూమి అర్ధ ప్రధానాక్షంతో (భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధంతో) భాగించిన నిష్పత్తా అన్నది కంపైలర్‌కు తెలియదు. రెండు వేర్వేరు రకాల అక్షాంశాలను కలగలిపినా హెచ్చరిక రాదు, ప్రోగ్రామ్ ఆగదు. జవాబు మాత్రం కొన్ని మిల్లీమీటర్లో కొన్ని కిలోమీటర్లో పక్కకు జరుగుతుంది. అందుకే ఈ రకం కోడ్‌లో కామెంట్ చేయాల్సిన పని వేరు. లెక్క ఎలా సాగుతోందో కోడే చెబుతుంది. ఆ సంఖ్య ఏమిటో, ఏ హద్దుల్లో చెల్లుతుందో, ఎక్కడి నుంచి వచ్చిందో కామెంటే చెప్పాలి.

ఉదాహరణలన్నీ ప్రోజ్ లైబ్రరీ నుంచి తీసుకున్నాం. 1980ల మొదట్లో అమెరికా భూగర్భ సర్వే సంస్థలో జెరాల్డ్ ఎవెండెన్ మొదలుపెట్టిన కోడ్ ఇది. ఈరోజు పటాల సాఫ్ట్‌వేర్లయిన క్యూజీఐఎస్, జీడాల్, పోస్ట్‌జీఐఎస్ అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. సీ భాషలో పెరిగి, 2019లో వచ్చిన 6వ వెర్షన్‌తో సీ ప్లస్ ప్లస్‌కు మారింది. సూత్రాల పుస్తకాల్లోని ఒకటి రెండు అక్షరాల పేర్లే చలరాశుల పేర్లుగా నిలిచిపోయాయి. ఆ పేర్లు మార్చాలని చెయ్యి లాగుతుంది, కానీ మార్చకండి. కోడ్‌ను పుస్తకంతో పోల్చి చూసేవారికి ఆ పొట్టి పేర్లే ఆధారం. వాటి అర్థం కామెంట్‌లో చెబితే సరిపోతుంది. ఇక్కడ చలరాశుల పేర్లను, కామెంట్ నమూనాలను తెలుగులో పలికినట్టు రాశాం. లైబ్రరీలోకి పంపేటప్పుడు అక్కడి అలవాటు ప్రకారం ఇంగ్లీషులో, చిన్న వాక్యాల్లో రాయాలి.

1. ఫైలు తెరిచే ముందు, దాన్ని పిలిచేదెవరో చూడండి

ఒక్క ప్రొజెక్షన్ ఫైలు చదివి కామెంట్ రాస్తే తప్పడం ఖాయం. అసలు ఫార్వర్డ్ ఫంక్షన్‌కు (అక్షాంశ రేఖాంశాల నుంచి ఎక్స్, వైలు తీసేదానికి) ముందూ వెనకా ఉమ్మడి కోడ్ కొంత పని చేస్తుంది. ప్రోజ్‌లో ఆ వరుస ఇది.

ముందు అక్షాంశం 90 డిగ్రీలు దాటిందేమో చూస్తుంది. 10⁻¹² రేడియన్లకు మించి దాటితే తప్పు అంటుంది, అంతకు లోపలైతే సరిగ్గా 90కి దించుతుంది. 10⁻¹² రేడియన్ అంటే నేల మీద సుమారు 6 మైక్రాన్లు, అంటే రౌండింగ్ దోషానికి ఇచ్చిన వెసులుబాటు. తరువాత రేఖాంశం నుంచి కేంద్ర రేఖాంశాన్ని తీసేసి, వచ్చినదాన్ని −180, +180 మధ్యకు తెస్తుంది. అప్పుడు ప్రొజెక్షన్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. తిరిగి వచ్చిన ఎక్స్, వైలను అర్ధ ప్రధానాక్షంతో గుణించి, ఫాల్స్ ఈస్టింగ్, ఫాల్స్ నార్తింగ్ (విలువలు రుణాత్మకం కాకుండా చేర్చే స్థిరాంకాలు) కలుపుతుంది.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. ఫంక్షన్ లోపల 'లామ్' అన్నది రేఖాంశం కాదు, కేంద్ర రేఖాంశం నుంచి తేడా. హైదరాబాద్ 78.5 డిగ్రీల తూర్పున ఉందనుకుంటే, యూటీఎం (భూమిని 6 డిగ్రీల వెడల్పు జోన్లుగా విడదీసే పద్ధతి) 44వ జోన్‌లో కేంద్ర రేఖాంశం 81 కాబట్టి లామ్ విలువ −2.5 డిగ్రీలు, అంటే −0.0436 రేడియన్. రెండోది, ఫంక్షన్ లోపల మీటర్లే లేవు. అర్ధ ప్రధానాక్షం 1 అనుకుని లెక్క జరుగుతుంది. "రేఖాంశం", "మీటర్లలో ఎక్స్" అనే కామెంట్లు ఈ ఫంక్షన్ల లోపల కనిపిస్తే, ముందు దిద్దాల్సినవి అవే. వాటిని నమ్మి ఎవరైనా లోపల అర్ధ ప్రధానాక్షం 6378137తో ఇంకోసారి గుణిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

2. పేర్ల పట్టిక రాసుకోండి

ఒక కాగితం మీద ఫైల్లోని ప్రతి చలరాశికీ నాలుగు గడులు పెట్టండి: పేరు, అది ఏమిటి, ప్రమాణం, చెల్లే హద్దు. ఒక్క గడి ఖాళీగా మిగిలినా కామెంట్ అక్కడ కావాలని అర్థం.

ఈ పనిలో ఎక్కువమంది పొరబడే అక్షరం 'ఎన్'. లాంబర్ట్ కన్ఫర్మల్ కోనిక్ ఫైల్లో ఎన్ అంటే శంకు స్థిరాంకం. ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ ఫైల్లో పాత, ఉజ్జాయింపు పద్ధతి ఉన్న భాగంలో ఎన్ అంటే రెండో ఉత్కేంద్రత వర్గాన్ని కొసైన్ వర్గంతో గుణించినది. ప్రొజెక్షన్ సూత్రాల పుస్తకం రాసిన జాన్ స్నైడర్ దీన్ని సీ అంటాడు, ఐరోపా పుస్తకాల్లో ఈటా వర్గం. అదే ఫైల్లో కింద, ఇంకా ఖచ్చితమైన పోడర్–ఎంగ్సేగర్ పద్ధతి ఉన్న భాగంలో ఎన్ అంటే మూడో ఫ్లాటెనింగ్ (భూమి చదునుదనపు ఒక కొలత). జీపీఎస్ వాడే భూమి ఆకార నమూనా (ఎలిప్సాయిడ్) డబ్ల్యూజీఎస్ 84కి దాని విలువ 0.00167922. ఒకే ఫైలు, ఒకే అక్షరం, రెండు అర్థాలు. ప్రతి భాగం మొదట్లో "ఈ భాగంలో ఎన్ = ..." అని ఒక్క వరుస చాలు.

ఉత్కేంద్రతల (ఎలిప్సాయిడ్ గోళానికి ఎంత భిన్నమో చెప్పే సంఖ్యల) సంగతి ఇంకా సూక్ష్మం. లైబ్రరీలో 'ఈ' ఉత్కేంద్రత, 'ఈఎస్' దాని వర్గం, 'ఈఎస్‌పీ' రెండో ఉత్కేంద్రత వర్గం, అంటే ఈఎస్‌ను (1 − ఈఎస్)తో భాగించినది. డబ్ల్యూజీఎస్ 84కి విలువలు:

ఈ = 0.0818191908
ఈఎస్ = 0.0066943800
ఈఎస్‌పీ = 0.0067394967

చివరి రెండింటి మధ్య తేడా ఒక శాతం కన్నా తక్కువ. ఒకదాని బదులు ఇంకోటి పడితే ఏమవుతుంది? 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, యూటీఎం జోన్ అంచున, ఈస్టింగ్‌లో వచ్చే దోషం సుమారు 5.5 మిల్లీమీటర్లు. సెంటీమీటరు సహనంతో (టాలరెన్స్‌తో) రాసిన పరీక్షలు దీన్ని పట్టుకోలేవు. అందుకే "ఉత్కేంద్రత" అని మాత్రమే రాసి వదిలేసిన కామెంట్‌ను అలా ఉంచకండి. మొదటిదా రెండోదా, వర్గమా కాదా రాయండి. డబ్ల్యూజీఎస్ 84 విలువ పక్కన ఉంటే చదివేవారు డీబగ్గర్‌లో ఒక్క చూపుతో పోల్చుకుంటారు.

3. సూత్రాన్ని మూలంతో పక్కపక్కన పెట్టండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. జాన్ స్నైడర్ 1987లో అమెరికా భూగర్భ సర్వే కోసం రాసిన ప్రొఫెషనల్ పేపర్ 1395లో సూత్రాలన్నిటికీ సంఖ్యలు ఉన్నాయి. ప్రోజ్‌లో పాత ప్రొజెక్షన్లు చాలావరకు ఆ సంఖ్యలతో సరిచూసుకోవచ్చు. "స్నైడర్ చూడండి" అనే కామెంట్ ఎవరికీ అక్కరకు రాదు. ఏ సంవత్సరం, ఏ సూత్రం సంఖ్య, కోడ్ దానికి ఎక్కడ భిన్నంగా ఉంది అనే మూడూ కావాలి. మూడోది రాసేవారు అరుదు, నిజానికి అదే ముఖ్యం.

ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ ఉజ్జాయింపు పద్ధతినే తీసుకోండి. స్నైడర్ (8-9) సూత్రంలో ఎక్స్‌కు ఐదో ఘాతం పదం గుణకం ఇది:

5 − 18 టీ + టీ² + 72 సీ − 58 ఈ-ప్రైమ్²

కోడ్‌లో అదే చోట ఉన్నది ఇది:

5 + టీ × (టీ − 18) + ఎన్ × (14 − 58 × టీ)

మొదటిసారి చూసినవారికి ఇది తప్పులా కనిపిస్తుంది. 72 ఎక్కడ పోయింది, 14 ఎక్కడిది? టీ అంటే టాంజెంట్ వర్గం, ఈ-ప్రైమ్² అంటే పైన చెప్పిన ఈఎస్‌పీ, సీ అంటే ఈ-ప్రైమ్² × కొసైన్ వర్గం. 1 + టీ అంటే కొసైన్ వర్గానికి విలోమం. కాబట్టి ఈ-ప్రైమ్² = సీ × (1 + టీ). దాన్ని ప్రతిక్షేపిస్తే 72 సీ − 58 సీ − 58 సీ టీ, అంటే సీ × (14 − 58 టీ). రెండూ ఒకటే. వై సూత్రంలో, (8-10)లో, 600 సీ − 330 ఈ-ప్రైమ్² కూడా ఇలాగే 270 ఎన్ − 330 ఎన్ టీ అవుతుంది. ఈ రెండు వరుసల బీజగణితం కామెంట్‌లో లేకపోతే, మంచి ఉద్దేశంతోనే ఎవరో ఒకరు 14ను 72గా "సరిదిద్దుతారు".

ఇంకో భిన్నత్వం కూడా ఉంది. స్నైడర్ ఎక్స్‌ను ఐదో ఘాతం దగ్గర, వైని ఆరో ఘాతం దగ్గర ఆపాడు. కోడ్ ఒక్కో పదం ముందుకు వెళ్లింది. ఆ అదనపు పదాలు (8-9), (8-10)లలో లేవని కామెంట్‌లో చెప్పాలి. లేకపోతే పుస్తకం పట్టుకుని వెతికేవారికి 479, 179 అంకెలు ఎక్కడా దొరకవు.

అక్కడే వరుసక్రమం దాచిన ఉచ్చు ఒకటి ఉంది. కోడ్ ముందు 'ఏఎల్'ను కొసైన్ × లామ్‌గా పెడుతుంది. దాన్ని వర్గం చేసి 'ఏఎల్ఎస్'లో దాస్తుంది. ఆ తరువాతే ఏఎల్‌ను వర్గమూలం(1 − ఈఎస్ × సైన్ వర్గం)తో భాగిస్తుంది. అంటే చివరికి ఏఎల్‌లో లంబ వక్రతా వ్యాసార్ధం కలిసి ఉంటుంది, ఏఎల్ఎస్‌లో ఉండదు. ఏఎల్ఎస్ = ఏఎల్ × ఏఎల్ అని ఆ తరువాత ఎక్కడా నిజం కాదు. వరుసలు చక్కగా సర్దుదామని ఎవరైనా పైకీ కిందికీ జరిపితే లెక్క చెడుతుంది. "ఈ వర్గం కింది భాగహారానికి ముందే తీయాలి" అన్న కామెంట్ సరిగ్గా ఆ రెండు వరుసల మధ్యన ఉండాలి. ఫంక్షన్ నెత్తిన పెడితే జరిపేవారి కంట పడదు.

ఇన్వర్స్ ఫంక్షన్లలో (ఎక్స్, వైల నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసేవాటిలో) ఇలాంటిదే ఇంకోటి. 'ఫై' అనే గడిలో ముందు ఫుట్‌పాయింట్ అక్షాంశం పడుతుంది, అంటే ఆ నార్తింగ్‌కు కేంద్ర రేఖాంశం మీద ఉండే అక్షాంశం. సైన్, కొసైన్, టాంజెంట్ అన్నీ దానితోనే లెక్కకట్టి, ఆఖరున దాని నుంచి దిద్దుబాటు తీసేశాక అదే గడిలో అసలు అక్షాంశం మిగులుతుంది. అర్థం మారే ఆ వరుస దగ్గరే కామెంట్ పెట్టండి. ఫార్వర్డ్ నుంచి కాపీ చేసిన కామెంట్లు ఇన్వర్స్‌లో యథాతథంగా మిగిలిపోవడం చాలా మామూలు. సూత్రాల సంఖ్యలు చూస్తే తేలిగ్గా దొరుకుతాయి. ఇన్వర్స్‌కు (8-17), (8-18) ఉండాల్సిన చోట (8-9) కనిపిస్తుంది.

మూల గ్రంథాల పొట్టి పేర్లు కూడా విప్పి రాయండి. పోడర్–ఎంగ్సేగర్ భాగంలో గుణకాల పక్కన "కేడబ్ల్యూ" అని, వెంట పేజీ సంఖ్యలు కనిపిస్తాయి. అది కోనిగ్, వైజ్ 1951లో జర్మన్‌లో తెచ్చిన గ్రంథం. ఫైలు నెత్తిన ఒక్కసారి పూర్తి పేరు ఉంటే కింద పొట్టి పేరు చాలు.

4. వట్టి అంకెలకు పుట్టుక రాయండి

అదే ఫైల్లో ఎఫ్‌సీ1 నుంచి ఎఫ్‌సీ8 వరకు స్థిరాంకాలు ఉన్నాయి: 1, 0.5, 0.1666, 0.0833, 0.05, 0.0333, 0.0238, 0.01785, ఒక్కోటి ఇరవై అంకెల దాకా. ఇవి ఫాక్టోరియల్ విలోమాలేమో అనిపిస్తుంది. కావు, 1/6 తరువాత 1/24 రావాలి, 1/12 వచ్చింది. అసలు సంగతి: కే రెండు, ఆపైన ఉన్నప్పుడు ఎఫ్‌సీకే = 1 / (కే × (కే − 1)). బ్రాకెట్ లోపల బ్రాకెట్‌గా గుణించుకుంటూ పోతే, బేసివి 3, 5, 7 కలిసి 1/6, 1/120, 1/5040గా, సరివి 2, 4, 6, 8 కలిసి 1/2, 1/24, 1/720, 1/40320గా మారతాయి. ఈ ఒక్క వాక్యం కామెంట్‌గా ఉంటే ఎనిమిది వరుసలూ అర్థమవుతాయి. ఎనిమిదింటికీ విడివిడిగా కామెంట్ రాయడం దండగ.

సహన హద్దులకు మాత్రం ప్రతిదానికీ కామెంట్ కావాలి. "చాలా చిన్న సంఖ్య" అని రాయడంలో సమాచారం లేదు. ఏ ప్రమాణంలో, నేల మీద ఎంత, దాటితే ఏం జరుగుతుంది అన్నవి రాయండి. 10⁻¹⁰ రేడియన్ అంటే భూమి మీద 0.64 మిల్లీమీటరు. టాంజెంట్ తీసే ముందు కొసైన్ 10⁻¹⁰ కన్నా పెద్దదా అని చూసే చోట, "ధ్రువానికి 0.64 మి.మీ. లోపల టాంజెంట్‌ను సున్నా అనుకుంటాం, అక్కడ కొసైన్‌తో గుణించిన పదాలన్నీ ఎలాగూ లుప్తమవుతాయి" అని రాస్తే, ఆ హద్దును 10⁻⁶కు పెంచవచ్చా అని అడిగేవారికి జవాబు అక్కడే ఉంటుంది.

లాంబర్ట్ కోనిక్‌లో రెండు హద్దులున్నాయి, రెండింటికీ కారణాలు వేరు. రెండు ప్రామాణిక అక్షాంశాల మొత్తం దాదాపు సున్నా అయితే శంకు స్థిరాంకం సున్నా అవుతుంది, శంకువు సిలిండర్‌గా మారిపోతుంది, కాబట్టి తప్పు అంటుంది. వాటి తేడా దాదాపు సున్నా అయితే తప్పేమీ లేదు. కాకపోతే సూత్రంలో లవం, హారం రెండూ సున్నాకు పోతాయి కనుక శంకు స్థిరాంకాన్ని ఆ అక్షాంశం సైన్‌గా తీసుకుంటుంది. "చెల్లని విలువలు" అని రెండింటికీ ఒకే కామెంట్ అంటించడం తప్పుదోవ పట్టించడమే.

ఇక కామెంట్‌లోని అంకెను కాలిక్యులేటర్‌లో వేసి చూడండి. ఇది ఎవరూ చేయరు. పోడర్–ఎంగ్సేగర్ భాగంలో 2.623395162778 అనే హద్దు పక్కన "150 డిగ్రీలు" అని ఉంటుంది. 150 డిగ్రీలంటే 2.617993878 రేడియన్లు. ఆ హద్దు డిగ్రీల్లోకి మారిస్తే 150.31. పైగా అక్కడ పోల్చే రాశి రేఖాంశం కాదు, దాని నుంచి హైపర్బోలిక్ రూపాంతరం, శ్రేణి దిద్దుబాటు తరువాత వచ్చిన ప్రమాణరహిత ఈస్టింగ్. కేంద్ర రేఖాంశానికి 150 డిగ్రీల దాకా లెక్క నడుస్తుందని చదివేవారు అనుకుంటారు. ఇలాంటివి కనిపిస్తే కోడ్‌లోని అంకెను ముట్టుకోకండి, ఆ అంకె దేనితో పోల్చబడుతోందో మాత్రం స్పష్టంగా రాయండి.

5. "అక్షాంశం" అని రాసి ఆగిపోకండి

అక్షాంశాలు చాలా రకాలు: జియోడెటిక్, జియోసెంట్రిక్, కన్ఫర్మల్, ఆథాలిక్, ఐసోమెట్రిక్, మరికొన్ని. జియోడెటిక్ (ఎలిప్సాయిడ్ తలానికి లంబంతో కొలిచేది), జియోసెంట్రిక్ (భూకేంద్రం నుంచి కొలిచేది) అక్షాంశాల మధ్య తేడా 45 డిగ్రీల దగ్గర 0.19 డిగ్రీ, నేల మీద సుమారు 21 కిలోమీటర్లు. హైదరాబాద్ దగ్గర 12 కిలోమీటర్లు. పారామీటరు వివరణలో రకం పేరు తప్పనిసరి. మంచి నమూనా కావాలంటే ప్రోజ్‌లోనే ఐసోమెట్రిక్ అక్షాంశం నుంచి జియోడెటిక్ అక్షాంశం తీసే కోడ్ చూడండి. జియోగ్రాఫిక్‌లిబ్ అనే ఇంకో లైబ్రరీ నుంచి తెచ్చిన కోడ్ అని చెప్పి, మూడు రకాల అక్షాంశాలకూ పేర్లిచ్చి, కోణాల బదులు వాటి టాంజెంట్లు ఎందుకు వాడారో రాశారు: భూమధ్యరేఖ దగ్గరా ధ్రువాల దగ్గరా సాపేక్ష ఖచ్చితత్వం పోకుండా ఉండటానికి.

ఎలిప్సాయిడ్ల పేర్లకూ ఇదే నియమం. మన దేశపు పాత పటాల విషయంలో "ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్" అని మాత్రమే రాస్తే అది కామెంటే కాదు. ప్రోజ్ జాబితాలోనే ఎవరెస్ట్ పేరుతో అయిదు ఉన్నాయి. 1830దాని అర్ధ ప్రధానాక్షం 6377276.345 మీటర్లు, 1956దానికి 6377301.243. తేడా 25 మీటర్లకు కాస్త తక్కువ. ఒకదాని బదులు ఇంకోటి పడితే 17 డిగ్రీల అక్షాంశం దగ్గర నార్తింగ్ సుమారు 7 మీటర్లు తప్పుతుంది. పేరు పక్కన సంవత్సరమో, అంకెనో, రెండూనో ఉండాలి.

దిశలూ అంతే. అజిముత్ ఉత్తరం నుంచి సవ్యదిశలోనా, తూర్పు నుంచి అపసవ్యదిశలోనా? అక్షాల వరుస ఏది? ఈపీఎస్‌జీ (కోఆర్డినేట్ వ్యవస్థలకు సంఖ్యలిచ్చే జాబితా) 4326లో అక్షాంశం ముందు, ప్రోజ్ లోపల రేఖాంశం ముందు. ఒక కోఆర్డినేట్ వ్యవస్థ నుంచి ఇంకోదానికి మార్చే హెల్మర్ట్ రూపాంతరంలో భ్రమణాలకు పొజిషన్ వెక్టర్, కోఆర్డినేట్ ఫ్రేమ్ అని రెండు సంప్రదాయాలు. ఈపీఎస్‌జీలో వాటి పద్ధతి సంఖ్యలు 9606, 9607. రెండింట్లోనూ భ్రమణాల అంకెలు అవే, ప్లస్ మైనస్ గుర్తులు మాత్రం తలకిందులు. ఒక ఆర్క్‌సెకండ్ భ్రమణానికి సంప్రదాయం తప్పితే దోషం రెండు ఆర్క్‌సెకండ్లు, భూమి మీద దాదాపు 60 మీటర్ల దాకా. కామెంట్‌లో "భ్రమణం, ఆర్క్‌సెకండ్లలో" అని ఉంటే సగమే చెప్పినట్టు.

6. కొత్త కామెంట్ రాయండి, పాతది తీసేయండి

ఇప్పటికి పోగైనదాన్ని ఫంక్షన్ నెత్తిన ఇలా పెట్టవచ్చు:

// ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్, ఫార్వర్డ్, ఉజ్జాయింపు శ్రేణి.
// లోపలికి: లామ్ = కేంద్ర రేఖాంశం నుంచి తేడా; ఫై = జియోడెటిక్ అక్షాంశం. రెండూ రేడియన్లు.
// బయటకు: ఎక్స్ తూర్పుకు, వై ఉత్తరానికి; అర్ధ ప్రధానాక్షం = 1.
// స్నైడర్ 1987 (8-9), (8-10); ఈ-ప్రైమ్² = సీ(1 + టీ) ప్రతిక్షేపించి, ఒక్కో పదం పెంచి.
// ఇక్కడి టీ, ఎన్ = స్నైడర్ టీ, సీ.
// |లామ్| 90 డిగ్రీలు దాటితే తప్పు: శ్రేణి అర్థం లేని విలువలిస్తుంది.

ఆరు వరుసలు. ఇంతకు మించితే చదవరు. మిగతావి ఆయా వరుసల పక్కనే ఉండాలి.

"ఖచ్చితమైన పద్ధతి" లాంటి మాటలు వాడితే ఎంతవరకో చెప్పండి. ప్రోజ్ 6వ వెర్షన్ నుంచి ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్‌కు పోడర్–ఎంగ్సేగర్ పద్ధతే డిఫాల్ట్. పాతది కావాలంటే "అప్రాక్స్" అని అడగాలి. అది వేగంగా నడుస్తుంది కానీ కేంద్ర రేఖాంశానికి దూరం వెళ్లేకొద్దీ త్వరగా గాడి తప్పుతుంది. పాత వెర్షన్ నాటి "ఇదే డిఫాల్ట్" కామెంట్లు ఎక్కడైనా మిగిలాయేమో వెతకండి.

తీసేయాల్సినవి: కోడ్‌ను మాటల్లో తిరిగి చెప్పేవి, కామెంట్‌గా మార్చి వదిలేసిన పాత కోడ్, మార్పుల చరిత్ర. చరిత్రకు గిట్ ఉంది. ప్రశ్నగుర్తుతో ముగిసే పాత కామెంట్లను మాత్రం తొందరపడి చెరపకండి. ఈ తప్పు సంఖ్య ఇక్కడ సరైనదేనా అని పాతికేళ్ల కిందట ఎవరో అడిగి ఉంటే, జవాబు దొరికాకే తీయాలి. జవాబును ప్రశ్న ఉన్నచోట పెట్టండి.

ఒక గోళసూత్రాన్ని ఎలిప్సాయిడ్ అక్షాంశాల మీద కావాలనే వాడితే, అది పొరపాటు కాదని గట్టిగా రాయండి. వెబ్ మెర్కేటర్ అలాంటిదే. ఎలిప్సాయిడ్ ఏదైనా గోళపు ఫంక్షన్లనే పెడుతుంది, స్కేలు 1కి బిగిస్తుంది.

7. కామెంట్‌లోని మాటను అంకెతో రుజువు చేయండి

రాసిన ప్రతి ప్రమాణాన్నీ, హద్దునూ ఒక లెక్కతో సరిచూడండి. చేతి కింద ఉంచుకోదగ్గ విలువలు కొన్ని: జీఆర్‌ఎస్ 80 ఎలిప్సాయిడ్, యూటీఎం 32వ జోన్‌లో రేఖాంశం 12, అక్షాంశం 55 ఇస్తే 691875.632, 6098907.825 రావాలి. ఏ ఉత్తర జోన్‌లోనైనా కేంద్ర రేఖాంశం మీద భూమధ్యరేఖ దగ్గర 500000, 0. డబ్ల్యూజీఎస్ 84లో భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి 10001965.729 మీటర్లు, దాన్ని 0.9996తో గుణిస్తే ఉత్తర ధ్రువపు నార్తింగ్ 9997964.943. వెబ్ మెర్కేటర్‌లో 180 డిగ్రీల దగ్గర ఎక్స్ 20037508.343.

ప్రోజ్‌తో వచ్చే 'జీ' అనే పరీక్షల పనిముట్టుకు ఆపరేషన్, సహనం, ఇచ్చే బిందువు, రావాల్సిన విలువ రాసిస్తే సరిపోతుంది. కామెంట్‌లో "90 డిగ్రీలు దాటితే తప్పు" అని రాస్తే 89.9, 90.1 రెండూ పరీక్షలో పెట్టండి. కామెంట్ చెప్పినట్టు కోడ్ నడవకపోతే, అది కామెంట్ పని కాదు, కోడ్ లోపం. దాన్ని వేరే ఇష్యూగా తెరవండి.

8. పంపే ముందు

కామెంట్ మార్పు ఒక కమిట్‌లో, కోడ్ మార్పు ఇంకో కమిట్‌లో. ఒక్క స్థిరాంకం దిద్దినా సరే, కలపకండి. కోడ్ మారలేదని రుజువుకు మార్పుకు ముందూ తరువాతా ఫైలును ఒకే ఆప్టిమైజేషన్‌తో, డీబగ్ సమాచారం లేకుండా కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చండి. ఎసర్ట్ మాక్రోలు వరుస సంఖ్యను లోపల దాస్తాయి, కాబట్టి ఎన్‌డీబగ్ పెట్టి కంపైల్ చేయకపోతే కామెంట్ ఒక వరుస పెరిగినా ఫైళ్లు తేడాగా కనిపిస్తాయి.

సీ భాషలో కామెంట్ కూడా కోడ్‌ను చెడగొట్టగలదు. రెండు స్లాష్‌ల కామెంట్ చివర బ్యాక్‌స్లాష్ పడితే కింది వరుస కూడా కామెంట్ అయిపోతుంది. లేటెక్ సూత్రాన్ని అతికించినప్పుడు ఇది జరుగుతుంది, కింది లెక్క నిశ్శబ్దంగా మాయమవుతుంది. స్లాష్-నక్షత్రం కామెంట్ లోపల గుణకారం గుర్తు వెంటనే భాగహారం గుర్తు వస్తే కామెంట్ అక్కడే ముగుస్తుంది. జీసీసీలో కామెంట్ హెచ్చరిక ఆన్ చేస్తే బ్యాక్‌స్లాష్ కేసు బయటపడుతుంది.

గ్రీకు అక్షరాలు, డిగ్రీ గుర్తు నేరుగా పెట్టకండి. కొన్ని విండోస్ కోడ్ పేజీల్లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ 4819 హెచ్చరిక ఇస్తుంది, హెచ్చరికలను తప్పులుగా చూసే బిల్డ్ ఆగిపోతుంది. ఫై, లామ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. డాక్సిజెన్ చదివే కామెంట్లలో బ్యాక్‌స్లాష్ మాట ప్రతిదీ ఆదేశంగా భావించబడుతుంది కనుక సూత్రాలను దాని సూత్రపు గుర్తుల మధ్యే ఉంచి, డాక్యుమెంట్లు ఒకసారి బిల్డ్ చేసి హెచ్చరికలు చూడండి. ప్రాజెక్ట్ వాడే క్లాంగ్-ఫార్మాట్‌ను నడపండి, కానీ జాగ్రత్త: అది పొడవైన కామెంట్ వరుసలను విరిచి, చేత్తో వరుసలుగా పేర్చిన సూత్రాలను ఒకే పేరాగా కలిపేయగలదు. అలాంటి బ్లాక్ చుట్టూ ఫార్మాట్ ఆపే గుర్తులు పెట్టాక మళ్లీ నడిపి, డిఫ్‌లో కామెంట్ వరుసలు తప్ప ఇంకేమీ లేవని చూశాక పంపండి.